పక్కీరప్ప హోటల్లో నాలుగో గిలాసు

ఆ ఏడు శ్రావణమాసం రెండుసార్లు వచ్చింది. ముందు అధిక శ్రావణం, తరవాత నిజ శ్రావణం. మా బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి ఐదేళ్ళు. పంచాంగంలో ఒక నెల ఎక్కువైతే మామూలు మనిషికి ఏమవుతుంది? పండగలు వెనక్కి జరుగుతాయి, పెళ్ళిళ్ళు ఆగుతాయి, అంతే. నాకు మాత్రం ఆ నెల ఒక అబద్ధం చెప్పడానికి పనికి వచ్చింది. దానికి ముందు వచ్చిన ఆషాఢం కూడా అందుకే పనికి వచ్చింది.

నేను లారీల బుకింగు ఆఫీసులో గుమాస్తాను. శనివారం నాకు వెంకటరమణస్వామి ఒక్కపొద్దు. పొద్దుటినుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టను, దీపాలు పెట్టే వేళ ఒక్కసారి తింటాను. ఆ ఒక్కసారీ పక్కీరప్ప హోటల్లో తినడం అలవాటైంది. అదంటే నా భార్య నాగలక్ష్మమ్మకు పడేది కాదు.

"ఒక్కపొద్దు ఇడిసేది హోటల్లోనా? యాడన్నా ఉండాదా ఇది?" అనేది.

"అన్నం తినడంలేదు కదా. ఉగ్గాని. బొరుగులు."

"బొరుగులు యాడనుంచి వస్తాయి, చెట్టుకు కాస్తాయా? బియ్యమే గదా అవీ."

"ఎర్రగడ్డ, వెల్లుల్లి లేకుండా చేయించుకుంటాండా."

"ఎవరు చేసినారో, ఏ చేత్తో కలిపినారో ఆ సామికే తెలియాల," అని ఆమె దీపం వత్తి సరిచేసేది. నేను చెప్పులేసుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నేను వెళ్ళేది ఉగ్గాని కోసం కాదు. వారమంతా లారీ నంబర్లు రాసి రాసి, ఆ ఒక్క పూట నలుగురిలో కూర్చుని నవ్వడం కోసం.

పక్కీరప్ప హోటలు గూడ్సు షెడ్డు వెనక సందులో ఉండేది. రేకుల కప్పు, నాలుగు కడపరాతి బల్లలు, గోడకు బసవన్న పటం. పక్కీరప్ప నొసటినిండా విభూతి పెట్టుకుని బాణలి ముందర కూర్చునేవాడు. వచ్చిన ప్రతివాణ్ణీ "బర్రి, కూడ్రి" అని కన్నడంలో పిలిచి కూర్చోబెట్టేవాడు. మిరపకాయ బజ్జీలు నూనెలో పడితే ఆ ఘాటు సందు మొదటికి వచ్చేది. పొద్దుటినుంచి ఉపవాసం ఉన్నవాడి సంగతి చెప్పాలా?

అక్కడ మేం ముగ్గురం కలిసేవాళ్ళం. నారప సొంత లారీ నడిపేవాడు. యశ్వంతనగరు గనుల నుంచి ఇనుపరాయి తెచ్చి స్టేషనులో దించేవాడు. ఆ దుమ్ముకు అతని కనుబొమలు కూడా ఎర్రగా ఉండేవి. పిచ్చయ్య గుంటూరు జిల్లా నుంచి వచ్చి హచ్చొళ్ళి దగ్గర కాలువ కింద వరి పెట్టిన రైతు. వారానికొకసారి బియ్యం బస్తాలు వేసుకుని టౌనుకు వచ్చేవాడు. జ్యేష్ఠంలో నాలుగోవాడు చేరాడు. అతన్ని నారపే వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఈ అప్ప పేరు మాణిక్యం. మా గనుల కంపెనీలో టైపు కొట్టేదానికి చేరినాడు. గోడౌన్లో ఒగడే పండుకుంటాడు. మన జతలో తినకపోతే ఎండిపోతాడు," అన్నాడు నారప.

మాణిక్యానిది కూడా గుంటూరు జిల్లానే, రేపల్లె దగ్గర. ముప్పై లోపే ఉంటాయి. సన్నటి మనిషి, మెత్తటి మాట. మమ్మల్ని అందరినీ గారు అని పిలిచేవాడు. నారపను నారప గారూ అని పిలిస్తే నారప వెనక్కి తిరిగి ఎవరా అని చూసేవాడు. మొదటి బజ్జీ కొరికి మాణిక్యం కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"ఏమప్పా, గుంటూరు కారం తిన్నోనివి, బళ్ళారి మిరపకాయకే ఏడుస్తాండావు?" అని నారప బల్ల మీద గుద్దాడు.

"ఏడవటం కాదండీ. ఇంతమందిలో కూర్చుని తిని చాలా రోజులైంది," అన్నాడు మాణిక్యం. మేం నవ్వాం. అతనూ నవ్వాడు.

నాలుగో శనివారం అనుకుంటాను, అతను తన సంగతి చెప్పాడు. భార్యకు ఆరో నెల. పుట్టింట్లో తల్లి లేదు, తీసుకువెళ్ళి పురుడు పోసేవాళ్ళు లేరు. ఇక్కడికే తెచ్చుకోవాలి, గోడౌన్లో ఎట్లా పెట్టుకునేది?

మా ఇంటికి వీధివైపు ఒక గది విడిగా ఉంది. మా అమ్మ పోయిన తరవాత ఖాళీగానే ఉంది.

"మా ముందరి గదిలోకి వచ్చేయి," అన్నాను. "పెద్దదేం కాదు, గాలి వస్తాది. పురుటికి మా ఇంటామె ఉండాది. శనివారం పూట, ఒక్కపొద్దు నోటితో చెప్తాండా. ఆ గది నీదే అనుకో."

మాణిక్యం తల వంచి చా తాగాడు. తాగి, చెంబులో నీళ్ళు కొంచెం గిలాసులో పోసి, తిప్పి కడిగి, వాకిలి పక్క మోరీలో పారబోసి వచ్చి, గిలాసును బల్ల కొసన బోర్లించాడు.

అంతకుముందు కూడా కడిగే ఉంటాడు. నేను చూడలేదు. ఆ రోజు పిచ్చయ్య చూశాడు.

"ఏందప్పా, మీ ఇండ్లల్లో గిలాసులు కడిగేటోళ్ళు లేరా?" అన్నాడు నారప.

"అలవాటండీ," అన్నాడు మాణిక్యం.

పిచ్చయ్య నవ్వలేదు. మాణిక్యం సెలవు తీసుకుని వెళ్ళాక నన్ను సందు మలుపులో ఆపాడు.

"రామసుబ్బయ్యా, గది ఇస్తానని నోరు జారావు. ఎవరో ఏమిటో కనుక్కున్నావా?"

"ఏం కనుక్కోవాల?"

"మా వైపు టీ కొట్లల్లో కొందరికి గ్లాసులు వేరే ఉంటాయి. తాగినవాడే కడిగి, తాటాకు చూరులో బోర్లించి పోవాలి. చట్టం వచ్చిందంటారు, వస్తే వచ్చింది, చిన్నప్పటినుంచి కడిగిన చెయ్యి ఊరుకుంటుందా? ఆ చెయ్యి చూశావా, ఎంత నేర్పుగా తిప్పిందో? పైగా పేరు చూడు, మాణిక్యం. అందరిలోనూ ఉంటుంది ఆ పేరు. ఎటూ తేలదు."

"ఏమో, శుభ్రం గల మనిషేమో," అన్నాను.

"అయితే మంచిదే. గది నీది, ఇల్లు నీది, దేవుడిగూడు నీది," అని పిచ్చయ్య వెళ్ళిపోయాడు.

నేను ఇంటికి వచ్చి దేవుడి ముందర నిలబడ్డాను. ఎప్పుడూ వచ్చే మాటలు రాలేదు. నా కళ్ళ ముందు ఒక చెయ్యి గిలాసును తిప్పుతూనే ఉంది.

*

మరుసటి వారం మాణిక్యం అడిగాడు. "వచ్చే ఆదివారం ట్రంకు పెట్టె తెచ్చి పెట్టుకోనా అండీ? తరవాత తనను తీసుకొస్తాను."

"ఆషాఢం వచ్చేసింది గదప్పా," అన్నాను. ఆ మాట నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. "ఆషాఢంలో కొత్త ఇంట్లో అడుగు పెట్టకూడదు. కడుపుతో ఉండే మనిషి. శ్రావణంలో రా, లక్షణంగా ఉంటాది."

"అట్లాగేనండీ. మీరు ఆలోచించారంటే మంచికే," అన్నాడు.

ఇంట్లో నాగలక్ష్మమ్మ అప్పటికే గదికి సున్నం వేయించింది. కిటికీకి పాత చీర చించి తెర కట్టింది. ఆషాఢం సంగతి చెబితే నా వైపు వింతగా చూసింది.

"అద్దెకు వచ్చేటోళ్ళకు ఆషాఢమేంది? గృహప్రవేశమా?"

"కడుపుతో ఉండాది ఆ పాప."

"దానికే గదా తొందరగా రావాల?"

నేను స్నానానికి లేచాను.

ఆ నెలంతా నేను ఉగ్గాని తిన్నానే గానీ రుచి తెలియలేదు. మాణిక్యాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆకు మీద చెయ్యి ఎట్లా పెడుతున్నాడు, చెంబు ఎత్తి తాగుతున్నాడా కరిచి తాగుతున్నాడా, పక్కీరప్పతో మాట్లాడేటప్పుడు నిలబడుతున్నాడా కూర్చుంటున్నాడా. ఒక శనివారం గుళ్ళో ప్రసాదం పొట్లం తీసుకువెళ్ళి అందరికీ పెట్టాను. అతనికోసమే తీసుకువెళ్ళాను. అతను రెండు చేతులూ పట్టి, కళ్ళకద్దుకుని తిన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. ఇంటికి వచ్చే దారిలో మళ్ళీ అనుమానం. నారప ఒంటి చేత్తో తీసుకుని నోట్లో వేసుకున్నాడే, ఇతను అంత భక్తిగా ఎందుకు కళ్ళకద్దుకున్నాడు? మేం చూస్తున్నామని కాదు కదా?

దేవుని ప్రసాదాన్ని దొంగను పట్టే ఉచ్చులాగా వాడుకున్నానని ఆ వేళ నాకు తోచలేదు. తోచి ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

పిచ్చయ్య దారి వేరు. అతను నేరుగా తవ్వేవాడు.

"రేపల్లె దగ్గరన్నావు. ఏ ఊరు?"

మాణిక్యం చెప్పాడు.

"ఆ ఊరి మునసబు ఎవరు? మా వియ్యంకుడి తమ్ముడు ఆ పక్కే."

"నేను ఎనిమిదో ఏటనే ఊరు వదిలానండీ. మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నాను."

"మిషను హాస్టలా!" అని పిచ్చయ్య నా మోకాలిని తన మోకాలితో తట్టాడు.

"అన్ని కులాలవాళ్ళూ ఉండేవారండీ అందులో," అన్నాడు మాణిక్యం. అడగని ప్రశ్నకు చెప్పిన జవాబులాగా ఉంది అది. అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి అక్కడ."

"ఇంగేంది, తేలిపాయె! హాస్టలు అలవాటు!" అన్నాడు నారప. "పక్కీరప్పా, ఇంకో తట్ట బజ్జీలు ఇయ్యి! ఈ పిచ్చయ్యన్న నోరు ఖాళీగా ఉంటే ఊర్కె ఉండదు."

నారప మాట నాకు ఊరటగా ఉండాల్సింది. కానీ అనుమానం అట్లా పోదు. హాస్టలు అలవాటే అయితే మొదటిరోజే ఆ మాట ఎందుకు చెప్పలేదు అని ఇంకో ప్రశ్న పుట్టింది.

నేరుగా అతన్నే అడగవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. అడిగితే నేను అటువంటి మనిషినని అతనికి తెలిసిపోతుంది. అడగకుండా తెలుసుకోవాలి. మర్యాద పోకూడదు, మడీ పోకూడదు. ఈ రెంటి మధ్యా ఆషాఢం అయిపోయింది.

*

ఆషాఢ అమావాస్య దాటిన శనివారం మాణిక్యం కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. "శ్రావణం వచ్చిందండీ," అన్నాడు నవ్వుతూ. "తనకు ఉత్తరం రాసేస్తాను."

"ఇది అధిక శ్రావణం," అన్నాను. "ఈ నెల దేనికీ పనికిరాదు. నిజ శ్రావణం రానీ."

అతని నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీద కొంచెంసేపు ఊరికే ఉండి, తరవాత పోయింది.

"ఇంకో నెలా అండీ?"

"పంచాంగం నా చేతిలో ఉండాదా?"

"లేదండీ," అన్నాడు. "మీ చేతిలో ఏముంది." చా తాగాడు. గిలాసు కడిగి బోర్లించాడు. ఆ రోజు బజ్జీ ముట్టలేదు.

ఆ వారమంతా నాకు ఇంకో బాధ మొదలైంది. పక్కీరప్ప హోటల్లో గిలాసులన్నీ ఒకటే తొట్టిలో ముంచి కడుగుతారు. అతను తాగిన గిలాసు పోయినవారం ఏదో, ఈ వారం నా ముందుకు వచ్చేది ఏదో ఎవరికి తెలుసు? పైగా ఒక్కపొద్దు. ఒక శనివారం ఎట్లాగో ఓర్చుకుని, ఆ పై శనివారం ఇంట్లోనుంచి నా ఇత్తడి లోటా చిన్న గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళాను.

బల్ల మీద లోటా పెట్టగానే పక్కీరప్ప బాణలి దగ్గరనుంచి తల ఎత్తాడు. "ఇదేను స్వామి? నమ్మ గిలాసు సరి ఇల్లా?" అన్నాడు. మా గిలాసు బాగాలేదా అని.

"శనివారం గదప్పా. మడి," అన్నాను.

"ఇన్నేండ్లు లేని మడి ఇప్పుడొచ్చెనా?" అన్నాడు నారప.

మాణిక్యం లోటా వైపు చూశాడు. తరవాత తన గిలాసు వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. కంపెనీలో కొత్త మేనేజరు గురించి ఏదో మాట ఎత్తి, మధ్యలోనే ఆపేశాడు.

చా తాగడం అయింది. లోటా నాది, సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. ఎంగిలిది సంచిలో ఎట్లా పెట్టుకుంటాను? చెంబులో నీళ్ళు పోసి, తిప్పి, మోరీలో పారబోసి వచ్చాను.

నారప పడీ పడీ నవ్వాడు. "అంటుకునెప్పా! రామసుబ్బకూ అంటుకునె ఆ రోగం! రేపు నేనూ లారీ కడగల్లేమో!"

పిచ్చయ్య కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. మాణిక్యం లేచి, "వస్తానండీ," అని మా ముగ్గురికీ విడివిడిగా దండం పెట్టి వెళ్ళాడు. అతను అట్లా దండం పెట్టి వెళ్ళడం అంతకుముందు ఎప్పుడూ లేదు.

తరవాతి శనివారం అతను హోటలుకు రాలేదు. పని ఎక్కువ ఉందన్నాడని నారప చెప్పాడు. నేను తొందరగా ఇంటికి వచ్చాను.

నాగలక్ష్మమ్మ పెరటి వసారా కొసన చాప మీద కూర్చుని ఉంది. నెలకు మూడు రోజులు ఆమె ఇంట్లోకి రాదు. మా అమ్మ పెట్టిన పద్ధతి అది. అమ్మ పోయినా పద్ధతి పోలేదు. ఆ మూడు రోజులూ మా కూతురు పాపి వండి, దూరం నుంచి తల్లి కంచంలో వేసేది.

"పోయిన వారం సంచిలో లోటా తీసకపోతివంట. ఈ వారమూ తీసకపోయినావు. ఏందిది?" అంది ఆమె.

ఎన్నాళ్ళు దాస్తాను? వసారాకు ఈ కొసన కూర్చుని చెప్పాను. గిలాసు సంగతి, పిచ్చయ్య మాట, మిషను హాస్టలు, అన్నీ. ఆషాఢం ఎందుకు అడ్డం వచ్చిందో కూడా చెప్పాను. హోటలు ఉగ్గానినే ఎవరు కలిపారో అని తప్పు పట్టే మనిషి కదా, మంచిపని చేసినావు అంటుందనుకున్నాను.

ఆమె పాపిని పిలిచి నీళ్ళు అడిగింది. పాపి చెంబు ఎత్తి దూరం నుంచి గిలాసులో పోసింది. నాగలక్ష్మమ్మ తాగింది. పక్కన ఉన్న బూడిద తీసుకుని గిలాసు తోమింది, కడిగింది, నీళ్ళు చెట్టు మొదట్లో పోసి, గిలాసును పిట్టగోడ మీద బోర్లించింది. పదిహేనేళ్ళుగా నెలనెలా నేను చూస్తున్నదే.

"నేనూ కడిగి బోర్లిస్తాండా," అంది. "నన్ను గురించి పిచ్చయ్యన్న ఏమంటాడో కనుక్కోని రా."

"అది వేరే, ఇది వేరే," అన్నాను.

"ఎట్ల వేరే?"

"నీది మూడు రోజులే గదా."

"నేనూ అదే చెప్తాండా," అంది నాగలక్ష్మమ్మ. "నాది మూడు రోజులే. దానికే నాకు యాష్టకొస్తాది. ఇంట్లో బిడ్డ ఏడుస్తాంటే ఎత్తుకోకుండా ఈడ కూర్చోని చూసినా. జరమొచ్చినా ఈ చాప మీదే పండుకున్నా. నువ్వు ఒగ దినమన్నా వచ్చి, ఎట్లుండాది అని అడిగినావా? నువ్వు అడిగేటోనివి కాదులే. చూసేటోనివి."

ఆమె గొంతు పెంచలేదు. చాప మీద అటు తిరిగి పడుకుంది. పాపి గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడే ఉంది.

*

తెల్లవారి ఆదివారం. పంచాంగం చూడకుండానే గోడౌనుకు వెళ్ళాను. మాణిక్యం పడుకునే మూల ఖాళీగా ఉంది. కావలివాడు సుంకన్న బీడీ ఆర్పి లేచాడు.

"ఆ అప్ప నిన్న మధ్యాన్నమే పాయె. కౌలుబజారులో సాయిబు ఇంటి పక్క వారపాగ, ఒంటి గది, దొరికినాదంట. ఇంటామె కూడా మొన్ననే రైలు దిగె. నారపన్న లారీలోనే సామాన్లు ఏసకపాయిరి. నీకు చెప్పలేదా?"

నారప చెప్పలేదు. నిన్న నా ఎదురుగా కూర్చుని బజ్జీలు తిన్నాడు, పని ఎక్కువ ఉందని చెప్పాడు, ఈ సంగతి మాత్రం చెప్పలేదు.

కౌలుబజారులో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. చిన్న వాకిలి, లోపల ఒకటే గది. మాణిక్యం బనీనుతో గోడకు మేకు కొడుతున్నాడు. అతని భార్య బసవమ్మ ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. నిండు మనిషి, ముఖంలో ప్రయాణం అలసట. నన్ను చూసి లేవబోయింది.

"వద్దమ్మా, కూర్చో," అన్నాను గుమ్మం బయటినుంచే.

మాణిక్యం సుత్తి కింద పెట్టి బయటికి వచ్చాడు. తలుపు తన వెనకే దగ్గరికి వేశాడు. మేమిద్దరం వీధిలో నిలబడ్డాం.

"గది సిద్ధంగా ఉండాది," అన్నాను. "సున్నం వేసి నెలన్నర అయింది. ఈ దినమే వచ్చేయండి. బండి నేను మాట్లాడతా."

"అధికమాసం ఇంకా ఆరు రోజులుంది కదండీ," అన్నాడు.

ఎగతాళిగా అన్నాడేమో అని ముఖం చూశాను. లేదు. లెక్క చెప్పినట్టే అన్నాడు. ఎన్ని రోజులు లెక్కపెట్టుకున్నాడో.

"అది వదిలెయ్యప్పా. నాదే తప్పు. మా ఇంటామె రమ్మంటాంది."

"ఆవిడకు నా దండాలు చెప్పండి. ఇక్కడ బాగుందండీ. సాయిబు గారు మొదటిరోజే అడిగారు, మీరెవరు బాబూ అని. చెప్పాను. సరే అన్నారు. అంతే, అయిపోయింది."

ఏం చెప్పావు అనే మాట నా గొంతు దాకా వచ్చింది. అది అతనికి కనపడి ఉంటుంది.

"మీరడిగి ఉంటే మొదటి శనివారమే చెప్పేవాణ్ణండీ," అన్నాడు. "ఏదైతే అది చెప్పేవాణ్ణి. వద్దంటే వద్దనేవారు, నేను ఇంకో గది చూసుకునేవాణ్ణి. రెండు నెలలు తనకు ఉత్తరాలు రాయలేక చచ్చిపోయాను. మీ మీద నమ్మకంతో ఇంకెక్కడా వెతకలేదు."

"ఇప్పుడు..." అన్నాను.

"ఇప్పుడు మీరడిగేది గది ఇవ్వటానికి కాదు గదండీ. తెలుసుకోవటానికి."

లోపలినుంచి ఆమె ఏదో పిలిచింది. అతను నాకు దండం పెట్టి, తలుపు తీసుకుని వెళ్ళాడు. నేను వీధి కొసదాకా వచ్చి, ఒక పాల కొట్టు పక్కన కొంచెంసేపు నిలబడ్డాను. అతను చెప్పింది నిజం. అప్పటికి కూడా నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది తెలుసుకోవాలనే. ఇన్నేళ్ళకు కూడా నాకు తెలియదు. అడగకపోవడం గొప్పతనం అనుకునేరు, కాదు. నాకు అడిగే అర్హత పోయింది, అంతే.

నిజ శ్రావణం మొదటి శనివారం పక్కీరప్ప హోటలుకు వెళ్ళాను. లోటా తీసుకువెళ్ళలేదు. మాణిక్యం వచ్చి ఉన్నాడు. బసవన్న పటం కింద బల్ల దగ్గర, కౌలుబజారు వాళ్ళు ఇద్దరితో కూర్చున్నాడు. ఏదో చెబుతున్నాడు, వాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. అతను అంత గట్టిగా మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది.

"ఏమప్పా మాణిక్యం, ఆడ కూర్చున్న్యావు? ఈడ చోటుండాది," అని నారప కేకేశాడు.

"ఇక్కడ బాగుందండీ," అన్నాడు మాణిక్యం. నవ్వుతూనే అన్నాడు. తల కొంచెం వంచి నాకూ నమస్కారం చేశాడు.

పిచ్చయ్య నా చెవి దగ్గర, "పీడ దానంతట అదే వదిలింది, అదృష్టవంతుడివి," అన్నాడు. నేను ఉగ్గాని సగం తిని లేచాను. మరి ఆ హోటలుకు పోలేదు. పక్కీరప్ప చాలా రోజులు నారపతో కబురు పంపాడు, స్వామికి ఏం కోపం వచ్చిందని.

*

గది తాళంచెవి నాగలక్ష్మమ్మ కొంగుకు కట్టుకుంది. అద్దెకని వచ్చిన ఇద్దరిని నన్ను అడక్కుండానే పంపేసింది. నాతో మాట్లాడటం మానలేదు. వంట మానలేదు. ఇల్లు ఎప్పటిలాగే ఉన్నట్టు ఉండేది. కానీ ఆమె ఏదో మనసులో పెట్టుకుని ఉందని నాకు అనుమానం.

శ్రావణ శనివారాల్లో ఒకనాడు మా ఇంట్లో స్వామికి తళిగ వేస్తాం. పొంగలి, పులిహోర, పప్పు, వడలు అన్నీ మడిగా వండి, అరిటాకులో కుప్పగా పోసి, మధ్యలో పిండిదీపం వెలిగించి గోవిందలు పలుకుతాం. ఏడాదికొక్కసారి. మా అమ్మ ఉన్నప్పుడు ఆ రోజు వంటింటి గుమ్మం దగ్గరికి పిల్లల్ని కూడా రానిచ్చేది కాదు. మొదటి శనివారమే వేద్దామంటే నాగలక్ష్మమ్మ వద్దంది. రెండోదీ, మూడోదీ వద్దంది.

"ఆఖరి శనివారం వేద్దాం," అంది.

ఆఖరి శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాను. ఇంటినిండా పులిహోర పోపు వాసన. పెరట్లో వసారా కొసన చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. దాన్ని చూసేసరికి లెక్క తట్టింది. అధిక శ్రావణంలో ఆమె ఆ చాప మీద కూర్చుని నాతో మాట్లాడింది శనివారమే. సరిగ్గా నాలుగు వారాలు. ఆమెకు రోజు తప్పడం పదిహేనేళ్ళలో నేను ఎరగను. పద్ధతి ప్రకారమైతే ఈ పొద్దు ఆమె బయట ఉండాలి. ఆమె వంటింట్లో ఉంది.

గుమ్మం దగ్గర నిలబడ్డాను. తలంటుకున్న జుట్టు ముడివేసుకుని, పొయ్యి ముందర కూర్చుని, వడలు తీస్తూ ఉంది. దేవుడి తళిగ సామాను అంతా ఆమె చుట్టూ ఉంది. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. నేను ఎందుకు చూస్తున్నానో ఆమెకు తెలుసు.

"ఏంది అట్ల చూస్తాండావు?" అంది. "అడిగేది ఉంటే అడుగు. చెప్తా."

చెబుతుంది. ఆమె అబద్ధం ఆడదు. ఒక్క మాట చాలు. లెక్క తప్పి ఉండవచ్చు, తప్పకపోయి ఉండవచ్చు. లోపల స్వామి పటం ముందర దీపం వెలుగుతూ ఉంది. పొద్దుటినుంచి తినని కడుపు. నా తండ్రి, మా అమ్మ, వాళ్ళ పెద్దలు వేస్తూ వచ్చిన తళిగ. తప్పు జరిగితే ఎవరి మీద పడుతుందో. భయం లేదంటే అబద్ధం.

పాపి పెరట్లోనుంచి కోసిన అరిటాకులు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆకులు యాడ పరచమంటావు?" అని నాగలక్ష్మమ్మను అడిగాను.

ఆమె గరిటెలోంచి నూనె బాణలిలోకి కారడం ఆగేదాకా పట్టుకుని, వడలు తట్టలో వేసింది.

"సామికొకటి. మన ముగ్గురికీ మూడు, పక్కపక్కనే," అంది. "పొద్దుటినుంచి నేనూ ఏమీ తినలేదు. ఆకలిగా ఉండాది."

నీళ్ళు చల్లి, తుడిచి, పరిచాను.